మూడో అంతస్తులో రెండో తుపాకీ

డ్రైవరు వీసా మీద కువైట్ వెళ్ళబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అక్కడి బళ్ళకి స్టీరింగు ఎటువైపు ఉంటుంది, అరబ్బీ ఎన్నాళ్ళకి వస్తుంది, ఎండకి తట్టుకోగలమా అని అడుగుతారు. మా ఆవిడిచ్చిన కాఫీ తాగేసి, లేచే ముందు గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతారు.

"బాబాయ్, మీరు కువైట్‌లో తుపాకీ పట్టుకుని కాల్పుల్లోకి ఎదురెళ్ళారంట కదా?"

ఎదురెళ్ళిన మాట నిజమే. ఎవరికి ఎదురెళ్ళానన్నదే మన కోనసీమ దాకా సరిగ్గా చేరలేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. చదివాక నన్ను వీరుడనాలనిపిస్తే మీ ఇష్టం.

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒకే ఇంట్లో పంతొమ్మిదేళ్ళు కారు నడిపాను. ఇంటి యజమానిని బాబా అనేవాళ్ళం, ఆవిడని మామా అనేవాళ్ళం. డ్రైవరన్నారు గానీ నడపడం అందులో సగమే. మిగతా సగం 'జీబ్'. అరబ్బీలో జీబ్ అంటే తీసుకురా అని. కళ్ళజోడు కార్లో మర్చిపోయారు, జీబ్. షుగరు బిళ్ళలు జీబ్. ఫైలు జీబ్. ఆ మాట చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే లేస్తాయి, బుర్ర తర్వాత తీరిగ్గా వస్తుంది. ఎందుకు అని అడిగే డ్రైవరు నాకు తెలిసి అక్కడ ఎక్కువకాలం ఉండలేదు.

మా బాబా ఏదో మంత్రిత్వ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మనిషి మంచివారు, ఆ సంగతి ముందే చెప్పాలి. నా కూతురి ఆపరేషనుకి అడక్కుండానే సెలవిచ్చి పంపారు. ఆయనకున్న లోపమల్లా ధైర్యం. అది మోకాళ్ళలో లేదు గానీ నోట్లో పుష్కలంగా ఉండేది. చలికాలం వస్తే ఎడారిలో డేరా వేసుకుని పిట్టల్ని కొట్టడం ఆయన సరదా. అందుకో రెండు గొట్టాల తుపాకీ, దానికి లైసెన్సు ఉండేవి. బొటనవేలు నొప్పి కాబట్టి గుళ్ళు పెట్టే పని నాది, పేల్చే పని ఆయనది. ఆయన గురిపెట్టిన పిట్టలు చాలావరకు ముసలితనంతోనే పోయి ఉంటాయని నా నమ్మకం.

రోజూ సాయంత్రం ఇంటి ముందు గదిలో దివానియా, అంటే మగవాళ్ళు కూర్చుని కాఫీ తాగుతూ లోకాన్ని చక్కబెట్టే కొలువు. కాఫీ అందించేవాడు రాని రోజు నేనే అందించేవాణ్ణి. ఆ ఏడాది ఎక్కడో పరాయి దేశంలో ఒకడు జనం మీద కాల్పులు జరిపిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. దాని మీద నాలుగు రోజులు చర్చ నడిచింది.

"అంతమందిలో ఒక్కడి దగ్గర తుపాకీ ఉంటే చాలు. పది లెక్కపెట్టేలోగా ఖలాస్ చేసేవాడు. నేనుంటే..." అని బాబా మొదలుపెట్టేవారు.

'నేనుంటే' తర్వాత వచ్చేది రోజుకో రకంగా ఉండేది. ఒకరోజు స్తంభం చాటు నుంచి, ఒకరోజు మెట్ల మీద నుంచి, ఒకరోజు ఏకంగా నేల మీద దొర్లుతూ కాల్చారు. సోఫాలోంచి లేవాలంటే నా చెయ్యి కావాల్సిన మనిషి నేల మీద ఎలా దొర్లుతారో ఎవరూ అడగలేదు. ఆయనకి వరసకి అన్నయ్యయ్యే ఒకాయన, పాత సైనికుడు, ఒక్కరే తల అడ్డంగా ఊపేవారు.

"తలుపు గడియ పెట్టుకో, ఫోను మోగకుండా చేసుకో, దారి దొరికితే బయటపడు. లోపలికొచ్చే పోలీసుకి నువ్వెవడివో తెలీదు. వాడికి కనపడేది నీ చేతిలోది," అన్నారాయన.

అందరూ నవ్వారు. ముసలితనం వల్ల భయం పట్టుకుందన్నారు. నిజం చెప్పాలంటే నేనూ బాబా పక్షమే. చేతిలో ఆయుధం పెట్టుకుని మూల నక్కడమేమిటని ఖాళీ కప్పులు వంటింట్లోకి తెస్తూ అన్నాను. ఆ ఇంట్లో పనిచేసే మన గోదావరి ఆవిడ గిన్నెలు కడుగుతూ నవ్వింది.

"బొద్దింక కనపడితే సోఫా ఎక్కేసి నన్ను కేకేత్తారన్నయ్యా బాబా. ఈరేనా అడ్డుకునేది?"

ఇక ఊరి నడిబొడ్డున ఉండే మిర్కాబ్ సంగతి. అక్కడ ఆరంతస్తుల ఆఫీసుల బిల్డింగులో బాబా స్నేహితుడికి నాలుగో అంతస్తులో ఎగుమతుల ఆఫీసు ఉండేది. అక్కడి నుంచి కాఫీ కప్పులు తప్ప ఏదీ బయటికి పోగా నేను చూడలేదు. వారానికి మూడు రోజులు పొద్దున పదింటికి బాబా అక్కడికి వెళ్ళేవారు, నేను బిల్డింగు వెనక నీడలో కారు పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ వెనక మెట్ల దగ్గర నాకో స్నేహితుడు దొరికాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి, క్లీనింగు కంపెనీ నీలం బట్టలు వేసుకునేవాడు. పదకొండేళ్ళుగా ఆ బిల్డింగు తుడుస్తున్నాడు కాబట్టి అది తనదేనని అతని లెక్క. ఒకసారి మా బాబా తడి నేల మీద కాలు పెట్టబోతే మాప్ కర్ర అడ్డం పెట్టి ఆపేశాడు.

"గాడనే ఆగుండ్రి! గిప్పుడే తుడిసిన," అన్నాడు తెలుగులోనే.

బాబా ఆగారు. నేల ఆరేదాకా నిలబడ్డారు. కువైట్‌లో మా బాబాని ఆపగలిగిన మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి. రోజూ రెండు కప్పుల టీ తెచ్చేవాడు. మెట్ల మీద కూర్చుని, నా గోదారి యాసని అతను వెక్కిరిస్తుంటే అతని భాషని నేను వెక్కిరించేవాణ్ణి. ఆరేళ్ళలో మా మధ్య అంతకంటే పెద్ద తగువు లేదు.

ఆ రోజు సోమవారం. శనివారం ఎడారి నుంచి తిరిగొచ్చాక తుపాకీని ఇంట్లో ఇనప బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి. అది నా పనే. డేరా గుంజలు, దుప్పట్లు, తుపాకీ అన్నీ కలిపి డిక్కీలో వదిలేసి, రేపు దింపుదాంలే అనుకున్నాను. ఆదివారం కూడా అదే మాట అనుకున్నాను. తర్వాత జరిగినదానికి బాబాని ఎన్నయినా అనొచ్చు గానీ, నా బద్ధకం లేకపోతే ఆ తుపాకీ అసలు మిర్కాబ్‌కే వచ్చేది కాదు.

టీ తాగేసి అతను బకెట్టు పట్టుకుని లేచాడు.

"నాలుగో అంతస్తు తుడిసొస్త అన్నా. పోకు, ముచ్చట సగంల ఉన్నది," అన్నాడు.

పావుగంట కాలేదు, పైన ఏవో చప్పుళ్ళు వినపడ్డాయి. పక్కన ఏదో కడుతున్నారు కదా, రేకులు పడ్డాయనుకున్నాను. మళ్ళీ రెండు వినపడ్డాయి. ముందువైపు నుంచి కేకలు మొదలయ్యాయి, జనం బయటికి పరిగెడుతున్నారు. అయిదో అంతస్తులో ఒకడు వ్యాపార భాగస్వామితో తగువు పెట్టుకుని పిస్తోలుతో వచ్చాడట. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఎంతమంది వచ్చారో, ఎవరో, ఏ అంతస్తులో ఉన్నారో ఎవరికీ తెలీదు.

నా ఫోను మోగింది. బాబా గుసగుసలాడుతున్నారు.

"ఎక్కడున్నావు?"

"కింద, బాబా."

"డిక్కీలో తుపాకీ ఉందా?"

"ఉంది, బాబా."

"జీబ్. వెనక మెట్ల మీద నుంచి రా. యల్లా, త్వరగా."

ఆయన అప్పుడు నాలుగో అంతస్తులో స్నేహితుడి ఆఫీసు బాత్రూములో, లోపల గడియ పెట్టుకుని ఉన్నారు. పాత సైనికుడు చెప్పిన మాటని అక్షరాలా పాటించారన్నమాట. గడియ పెట్టుకున్నారు, దాక్కున్నారు. అక్కడితో ఊరుకుని ఉంటే ఆయనంత తెలివైనవాడు మరొకడు ఉండేవాడు కాదు. కానీ నాలుగు రోజులు దివానియాలో కాల్చి పారేసిన మనిషి, అయిదో రోజు బాత్రూములో ఉత్తచేతులతో ఎలా కూర్చుంటారు? మాటలు కోటలు దాటాయి, కాళ్ళు గడప దాటనన్నాయి. అందుకని కోట దాటే పని నా కాళ్ళకి అప్పగించారు.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని రాస్తే గొప్పగా ఉంటుంది గానీ అబద్ధం. కాళ్ళు లేచాయి, డిక్కీ తెరిచాను, తుపాకీని డేరా దుప్పట్లో చుట్టాను, గుళ్ళు రెండు జేబులో వేసుకున్నాను. వెనక గుమ్మం దగ్గర కాపలావాడి కుర్చీ ఒక్కటే మిగిలింది. వెనక తలుపులోంచి బయటికి వస్తున్న ఒకావిడ, మూట మోస్తున్న నన్ను చూసి తలుపు పట్టుకుని మరీ దారిచ్చింది. ఆ ఊళ్ళో మూట మోసే డ్రైవర్ని ఎవరూ పట్టించుకోరు. లోపల ఏముందని ఎవరూ అడగరు.

ఒకటో అంతస్తు, రెండో అంతస్తు ఎక్కాను. మళ్ళీ ఫోను.

"ఎక్కడ? ఎక్కడ?"

"మెట్ల మీద, బాబా."

"గుళ్ళు పెట్టి సిద్ధంగా తీసుకురా. చప్పుడు చెయ్యకు."

మూడో అంతస్తు మలుపులో దుప్పటి విప్పి, ఎడారిలో వందసార్లు పెట్టినట్టే గుళ్ళు పెట్టాను. గొట్టాలు మూసుకున్న చిన్న చప్పుడుకి నా నడుం నిటారైంది. ఇది కూడా దాచను. పంతొమ్మిదేళ్ళు సంచులు మోసిన చేతులకి అది మొదటిసారి సొంత బరువులా తోచింది. ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటారో కూడా ఆ అర నిమిషంలోనే ఊహించేసుకున్నాను. మా బాబాని అన్ని మాటలన్నాను గానీ, ఆ మెట్ల మీద నాకూ ఒక చిన్న దివానియా నడిచింది.

అప్పుడు పైన నాలుగో అంతస్తు తలుపు తెరుచుకుంది.

ముందు మా జగిత్యాల తమ్ముడు బయటికి వచ్చాడు. వెనక్కి తిరిగి ఎవరికో పెదాల మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. అతని వెనక ఆఫీసుల ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వరసగా దిగుతున్నారు. మొత్తం పదకొండు మంది. అందరి చెప్పులూ చేతుల్లో ఉన్నాయి, చప్పుడు కాకుండా అతనే విప్పించాడు. ఆ మెట్లు ఎక్కడికి దిగుతాయో, ఏ తలుపు కిర్రుమంటుందో, ఏ తలుపుకి తాళం ఉండదో ఆ బిల్డింగులో అతనొక్కడికే తెలుసు. ఎవరి ఆజ్ఞా లేకుండా, చేతిలో ఏమీ లేకుండా అతను వాళ్ళని బయటికి తీసుకుపోతున్నాడు. ఇంకో నాలుగంతస్తులు దిగితే వీధిలో ఉంటారు.

నాలుగు మెట్లు దిగి ఇటు తిరిగాడు. నన్ను చూశాడు.

బల్బు నా వెనక ఉంది. వెలుగు అతని మొహం మీద పడుతోంది, నా మొహం చీకట్లో ఉంది. అతన్ని నేను స్పష్టంగా చూశాను. నుదుటి మీది చెమట కూడా కనపడింది. అతని కళ్ళు నా చేతుల దగ్గర ఆగాయి, పైకి రాలేదు. రెండు చేతులూ చాచి వెనకవాళ్ళందర్నీ పైకి తోశాడు. ఒకావిడ అరిచింది. ఎవరి చేతిలోంచో ఒక చెప్పు జారి మెట్లన్నీ దొర్లుకుంటూ నా కాలి దగ్గరికొచ్చి పడింది. పైన తలుపు మూసుకుంది.

నేను అక్కడే ఉన్నాను. నోరు ఒకటుందని గుర్తురాలేదు.

తర్వాత రెండు చప్పుళ్ళు వినపడ్డాయి. తలుపు అవతలే. వాటి వెంట ఒక కేక.

"ఓ అవ్వా!"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. ఇప్పుడు వీరుడేం చెయ్యాలి? గుళ్ళు పెట్టిన తుపాకీ చేతిలో ఉంది. కాల్చేవాడు పదిహేను మెట్ల పైన, ఒక తలుపు అవతల ఉన్నాడు. దివానియా లెక్క ప్రకారం ఒక్కడి దగ్గర తుపాకీ ఉంటే చాలు, ఆ ఒక్కడూ నేనే. నేను కూర్చున్నాను. మెట్టు మీద కూలబడి తుపాకీని ఒళ్ళో పెట్టుకున్నాను. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

పోలీసులు కింద నుంచి వచ్చారు. వాళ్ళకి అప్పటికే రెండు ఫోన్లు వెళ్ళాయి, పైన ఒకడు, వెనక మెట్ల మీద ఇంకొకడు అని. ఆ ఇంకొకడు నేనే. తుపాకీ కింద పడేసి చేతులెత్తమన్నారు. ఎత్తాను. ఆ తర్వాత నా వీపు మీద ఎంతమంది కూర్చున్నారో లెక్కపెట్టే వీలు లేకపోయింది. నన్ను కాల్చలేదు. వాళ్ళకి ఆ హక్కు నేనే ఇచ్చినా వాడుకోలేదు. అందుకు ఇప్పటికీ దణ్ణం పెడతాను. పిస్తోలువాడు గుళ్ళు అయిపోయాక నాలుగో అంతస్తులోనే దొరికాడు. అంతా సద్దుమణిగాక బాబా బాత్రూములోంచి బయటికొచ్చారు.

విచారణ చేసిన అధికారి కుర్రవాడే. కేకలు వెయ్యలేదు. హిందీ వచ్చిన పోలీసుని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడిగాడు. ముందు నేనే అడిగాను, ఆ నీలం బట్టల మనిషి బతికున్నాడా అని. ఉన్నాడు, గుండు తుంటి ఎముకలో దిగిందన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను నిమ్మళించేదాకా ఆగి మొదలుపెట్టాడు.

"నువ్వు కాల్చబోయిన మనిషి ఎలా ఉంటాడు?"

"తెలీదు, సార్."

"పొట్టా? పొడుగా? చొక్కా రంగేమిటి?"

"తెలీదు, సార్."

"మరి తలుపు తెరుచుకుని ఎవడైనా తుపాకీతో వస్తే?"

"కాల్చేసేవాణ్ణేమో, సార్."

"మా మనిషి ఒకడు మామూలు బట్టల్లో, అదే తలుపులోంచి, చేతిలో తుపాకీతో రాబోయాడు. నువ్వు కింద ఉన్నావని అప్పుడే ఫోనులో చెప్పబట్టి ఆగాడు," అన్నాడు.

వెనక మెట్ల మీద రెండోవాడున్నాడని తెలిసి తన మనుషుల్ని రెండుగా విడగొట్టాల్సి వచ్చిందనీ, నా మీద కూర్చున్నవాళ్ళు నాలుగో అంతస్తుకి వెళ్ళాల్సినవాళ్ళనీ కూడా చెప్పాడు.

అయితే చేతులు ముడుచుకుని చావమంటావా బాబాయ్ అని మీరడుగుతారు. అడగండి. తలుపుకి అడ్డంగా బల్ల జరిపినవాడు చేతులు ముడుచుకున్నవాడు కాదు. పదకొండు మందికి చెప్పులు విప్పించినవాడు అసలే కాదు. ఇక తప్పించుకునే దారే లేక, ఎదురుగా ఉన్నవాడే కాలుస్తున్నాడని కళ్ళారా చూసి, చేతికందింది తీసుకుని మీద పడేవాణ్ణి నేను తప్పుపట్టను. నేనైతే అసలు బిల్డింగు బయటే ఉన్నాను. నేను బయటి నుంచి లోపలికి, ఎవడో తెలియనివాడి కోసం, ఎవడో చెప్పాడని వెళ్ళాను. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

బాబా ఇచ్చిన వాంగ్మూలం కూడా అధికారి చదివి వినిపించాడు. "నా డ్రైవరు సింహం. నేనేమీ అడగలేదు. నా ప్రాణం కాపాడాలని తనంతట తానే తుపాకీ తీసుకుని పైకి వచ్చాడు." పంతొమ్మిదేళ్ళలో ఆయన నన్ను అంత పొగిడింది లేదు. ఆ పొగడ్తకి నాకు ఎన్నేళ్ళు పడతాయో పక్కనున్న హిందీ పోలీసుని అడిగాను. అధికారి నా ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుళ్ళు మొదలయ్యాక అందులో బాబా నుంచి వచ్చిన కాల్స్ ఏడు ఉన్నాయి.

"ఇన్నిసార్లు సింహానికి ఎందుకు ఫోన్ చేశాడట? కాఫీ తెమ్మనా?" అన్నాడు.

బాబాని మళ్ళీ పిలిపించారు. ఈసారి ఆయన వాంగ్మూలంలో సింహం లేదు, జీబ్ ఉంది. తొమ్మిదో రోజు నాతో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, పిలిచినప్పుడల్లా రావాలని చెప్పి వదిలారు. తుపాకీ వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. బాబా స్వయంగా కారు నడుపుకుంటూ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చారు. ఆ ఉద్యోగం ఎందుకు మానెయ్యలేదని అడక్కండి. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, ఆయన పేరు మీద ఉంది, మనసులో కోపం ఎవరి పేరు మీదున్నా లాభం లేదు.

ఇంటికి వెళ్ళగానే వంటింట్లో మన గోదావరి ఆవిడ నాకు అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"వదినగారు రోజూ ఫోను చేత్తానే ఉన్నారన్నయ్యా. మీ ఫోను పాడైపోయిందని అబద్ధాలు చెప్పాను. అయినా తుపాకీ తెమ్మంటే తీసుకెళిపోతారా? రేపొద్దున్న పులిని తెమ్మంటే?"

"కాళ్ళు లేచిపోయాయమ్మా," అన్నాను.

"లేత్తాయి మరి, అలవాటైపోయాయి," అని కూర వడ్డించింది.

ఆ సాయంత్రం దివానియాలో నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. అన్నేళ్ళలో మొదటిసారి అక్కడ నాకు ఎవరో కాఫీ అందించారు. అసద్, అసద్ అన్నారందరూ. అరబ్బీలో అసద్ అంటే సింహం. పోలీసుల దగ్గర చచ్చిపోయిన సింహాన్ని బాబా ఇక్కడ మళ్ళీ బతికించారు. ఆయన కథలో నేను మెట్ల మీద పొంచి ఉన్నాను, నన్ను చూసే ఆ దుర్మార్గుడు వెనక్కి తగ్గాడు, ఒక్క నిమిషం ముందు తుపాకీ తన చేతికి అంది ఉంటే అంతా ఖలాస్. నన్ను చూసి వెనక్కి తగ్గినవాడెవడో నాకు తెలుసు. అయినా కాదనలేదు. సోఫా మెత్తగా ఉంది, కాఫీ వేడిగా ఉంది, అంతమంది పెద్దమనుషులు నా వైపు చూస్తున్నారు. నాకు బాగుంది. సిగ్గుచేటైన సంగతుల్లో మెట్ల మీద కూలబడ్డం చిన్నది, ఇది పెద్దది.

పాత సైనికుడు ఒక్కరే నవ్వలేదు. వెళ్ళిపోతూ నా పక్కన ఆగారు.

"దెబ్బ తగిలిన మనిషి ఎలా ఉన్నాడు?" అని అడిగారు.

అంతసేపట్లో అతని గురించి అడిగిన మనిషి ఆయనొక్కరే. రేపు వెళ్తున్నానని చెప్పాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళాను. కాలు పైకి కట్టి, తుంటికి ఇనప కడ్డీలు వేసి పడుకోబెట్టారు. నన్ను చూడగానే అతని మొహం విప్పారింది.

"రా అన్నా, కూసో. ఇన్ని దినాలు యాడ సచ్చినవే? బండి కానరాదు, నువ్వు కానరావు. నీకేమన్న అయిందేమోనని రంది వడ్డ," అన్నాడు.

అతనికి తెలీదని అప్పుడు అర్థమైంది. పోలీసులు చెప్పలేదు, కంపెనీ వాళ్ళు చెప్పలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎలా ఉందని అడిగాను. నడుస్తావు గానీ కుంటుతావని డాక్టరు చెప్పాడట. తుడుపు పని ఇక కుదరదట. ఇదంతా ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పి, అసలు రోజుకి వచ్చాడు.

"అందర్ని దీస్కొచ్చిన అన్నా. జోళ్ళిప్పించిన. నాలుగు మెట్లు దిగినమనుకో, నడుమల ఒకడు నిలవడ్డడు తుపాకి వట్టుకొని. మీదికెళ్ళి వాడు, కిందికెళ్ళి వీడు, నడుమల మేము. ఏం జేస్త? మల్ల లోపలికే తోలిన. ఆళ్ళందర్ని అర్రల ఏసి తలుపు గుంజుతుంటే తల్గింది." ఆగి, నా వైపు తిరిగాడు. "గా రెండోడు దొరికిండా అన్నా?"

దొరికాడని చెప్పి లేచి వచ్చేయొచ్చు. అబద్ధం కూడా కాదు. దివానియాలో ఊరుకున్నట్టే ఇక్కడా ఊరుకుంటే నా టీ నాకు, నా స్నేహితుడు నాకు మిగులుతారు. అతని కాలికేసి చూస్తే నోరు తెరుచుకుంది.

"నేనే తమ్ముడూ."

"పరాచికాలొద్దే. నవ్వితే నొప్పి లేస్తది."

"నేనే. బాబా తుపాకీ తెమ్మన్నారు. తీసుకొస్తున్నాను."

అతను నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆ రోజు మెట్ల మీద చూడనిదంతా ఇప్పుడు చూస్తున్నట్టుంది.

"నీ మొకం కానరాలే అన్నా. గదొక్కటే కనవడ్డది," అన్నాడు మెల్లగా. "నువ్వు నన్ను జూసినవా?"

"చూశాను."

"గుర్తు వట్టినవా?"

"పట్టాను."

"మరి పిలువకపోతివి? తమ్ముడూ అని ఒక్క మాటంటే ఆగుదును గదా. నీ గొంతు నాకెరుకనే గదనే. ఆగి, అందర్ని దీస్కొని నీ పక్కకెళ్ళే దిగుదును."

ఆ ప్రశ్న అధికారి అడగలేదు. తొమ్మిది రోజులు నాకు నేను కూడా అడగలేదు. జవాబు మాత్రం నాలోంచి వెంటనే వచ్చింది, ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నట్టు.

"బాబా చప్పుడు చెయ్యొద్దన్నారు."

నా మాట నాకే వినపడింది. అతనికీ వినపడింది. కోప్పడితే బాగుండేది, తిట్టినా బాగుండేది. కట్టిన కాలు వైపు ఒకసారి చూసుకుని తల దిండు మీద వాల్చాడు.

"నౌకరి మంచిగ చేసినవే అన్నా," అన్నాడు.